కాలిఫోర్నియా నుంచి టెక్సస్‌కి మారాను, కుటుంబం ఇంకా అక్కడే ఉంది: స్టేట్ టాక్స్ ఎవరికి కట్టాలి?

ముందు మీ ప్రశ్నని నా మాటల్లో చెప్తాను, తేడా ఉంటే సరిదిద్దండి. కాలిఫోర్నియాలోని శాన్ రామోన్‌లో మీకు సొంత ఇల్లు ఉంది. కంపెనీ మిమ్మల్ని జులైలో డల్లస్ ఆఫీసుకి మార్చింది, మీరు డల్లస్ పక్కనున్న ఫ్రిస్కోలో అపార్ట్‌మెంట్ తీసుకున్నారు. మీ శ్రీమతి ఉద్యోగం కాలిఫోర్నియాలోనే. పాప స్కూలు పూర్తయ్యేదాకా, అంటే వచ్చే జూన్ దాకా, వాళ్ళిద్దరూ అక్కడే ఉంటారు. నవంబర్‌లో మీ ఆర్ఎస్‌యూలు (జీతంతో పాటు ఇస్తామన్న కంపెనీ షేర్లు) కొన్ని వెస్ట్ అవుతాయి, అంటే మీ చేతికి వస్తాయి. ఈలోగా హైదరాబాద్‌లో ఫ్లాట్ అమ్మాలనుకుంటున్నారు. "టెక్సస్‌కి వచ్చేశావుగా, జులై నుంచి స్టేట్ టాక్స్ సున్నా" అని మీ స్నేహితుడు చెప్పారు. అది నిజమేనా అని అడిగారు.

టెక్సస్‌లో స్టేట్ ఆదాయపు పన్ను లేదు కాబట్టి, పెళ్ళి కాని మనిషి, కంపెనీ షేర్లు లేకుండా, సామాను మొత్తం సర్దుకుని వచ్చేస్తే ఆ మాట దాదాపు నిజమే. మీ విషయంలో కాదు. నేను ఎన్రోల్డ్ ఏజెంట్‌ని, అంటే ఫెడరల్ పన్నుల శాఖ లైసెన్సు ఉన్న పన్ను నిపుణుణ్ణి. మనవాళ్ళ రిటర్నులు చాలా ఏళ్లుగా చేస్తున్నాను. రాష్ట్రం మారిన ఏడాది రిటర్ను మీదే నోటీసులు ఎక్కువగా వస్తాయి, అవి కూడా వెంటనే రావు, రెండు మూడేళ్ళు గడిచి అందరూ మర్చిపోయాక వస్తాయి. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

ఒక రాష్ట్రం మిమ్మల్ని పన్ను అడగడానికి రెండు దారులు ఉన్నాయి. మొదటిది మీరు ఆ రాష్ట్ర నివాసి కావడం. నివాసి అయితే జీతం, బ్యాంకు వడ్డీ, షేర్ల లాభం, ఇండియాలో వచ్చే అద్దె, ఎక్కడ సంపాదించినా అన్నీ లెక్కలోకి వస్తాయి. రెండోది ఆదాయం ఆ రాష్ట్రంలో పుట్టడం. అక్కడ కూర్చుని చేసిన పనికి వచ్చిన జీతం, అక్కడున్న ఇంటి అద్దె, అక్కడి స్థలం అమ్మితే వచ్చిన లాభం ఇలాంటివి. ఇవి మీరు అక్కడ నివాసి కాకపోయినా ఆ రాష్ట్రానివే. టెక్సస్‌కి మారితే మొదటి దారి మూసుకుంటుంది. రెండోది మూసుకోదు. మీ ఇంట్లో మొదటి దారి కూడా సగమే మూసుకుంది, ఎందుకంటే మీ శ్రీమతి ఇంకా కాలిఫోర్నియా నివాసే.

ఈ సగం సంగతే మీకు అన్నిటికన్నా ముఖ్యం, దీని గురించే ఎవరూ చెప్పరు. కాలిఫోర్నియా, టెక్సస్ రెండూ కమ్యూనిటీ ప్రాపర్టీ రాష్ట్రాలు. ఆరిజోనా, నెవాడా, వాషింగ్టన్, ఐడహో, న్యూ మెక్సికో, లూసియానా, విస్కాన్సిన్ కూడా ఆ కోవలోవే. ఈ రాష్ట్రాల్లో పెళ్ళయ్యాక భర్త సంపాదించినా భార్య సంపాదించినా, చట్టం దృష్టిలో అది చెరి సగం. మీరు టెక్సస్ వాసి అయ్యాక డల్లస్‌లో సంపాదించే ప్రతి డాలర్‌లో సగం మీ శ్రీమతిది. ఆవిడ కాలిఫోర్నియా నివాసి కాబట్టి ఆవిడ సగాన్ని కాలిఫోర్నియా లెక్కలో వేసుకుంటుంది. ఆ డబ్బు టెక్సస్‌లో సంపాదించారు, టెక్సస్ బ్యాంకులో పడింది, ఆవిడ దాన్ని ముట్టుకోలేదు అన్నా తేడా రాదు.

ఉదాహరణకి జులై నుంచి డిసెంబర్ దాకా మీ డల్లస్ జీతం లక్ష డాలర్లు అనుకుందాం. అందులో 50,000 కాలిఫోర్నియా లెక్కలోకి వస్తుంది. మీ శ్రీమతి జీతం మాత్రం కాలిఫోర్నియాలో చేసిన పనికి వచ్చింది కాబట్టి మొత్తం కాలిఫోర్నియాదే, అందులో మీ వాటా అనబడే సగం కూడా. అంటే ఆవిడది పూర్తిగా, మీది సగం. ఆవిడ వచ్చే జూన్‌లో ఫ్రిస్కోకి వచ్చి చేరేదాకా ఇదే లెక్క నడుస్తుంది. మీరు ఫ్లోరిడాకో టెన్నెసీకో నిజంగా స్థిరపడే ఉద్దేశంతో వెళ్ళి ఉంటే, అక్కడ కమ్యూనిటీ ప్రాపర్టీ చట్టం సాధారణంగా వర్తించదు కాబట్టి మీ జీతం మీదే అయ్యేది. టెక్సస్ కాబట్టి ఇలా.

ఇక్కడ పేరోల్ వాళ్ళు మీకు సాయం చేయలేరు. టెక్సస్ ఉద్యోగి జీతంలోంచి వాళ్ళు కాలిఫోర్నియా పన్ను పట్టుకోరు, పట్టుకోకపోవడమే సరైనది. కాబట్టి ఆ సగం మీద పన్ను మీరే విడిగా కట్టుకోవాలి, లేదా మీ శ్రీమతి తన ఉద్యోగంలో డీఈ-4 ఫారం మార్చి ఎక్కువ పట్టుకోమని చెప్పాలి. రెండోది తేలిక. వాయిదా తేదీలు గుర్తుపెట్టుకునే టెన్షన్ ఉండదు. మీరే కట్టాలనుకుంటే కాలిఫోర్నియా వాయిదాలు ఫెడరల్ వాయిదాల్లా సమానంగా ఉండవని గమనించండి. ఏప్రిల్‌లో 30 శాతం, జూన్‌లో 40 శాతం, సెప్టెంబర్‌లో ఏమీ లేదు, జనవరిలో 30 శాతం.

ఇప్పుడు అసలు చిక్కు. మీరు నిజంగా జులై నుంచి టెక్సస్ వాసి అయ్యారని కాలిఫోర్నియా ఒప్పుకుంటుందా? అక్కడి పన్నుల శాఖ పేరు ఫ్రాంచైజ్ టాక్స్ బోర్డు, అందరూ ఎఫ్‌టీబీ అంటారు. వాళ్ళు చూసేది మీ జీవితం ఎక్కడ ఎక్కువగా ముడిపడి ఉందని. 2003లో వచ్చిన బ్రాగ్ అనే అప్పీలు తీర్పులో చూడాల్సిన అంశాల పొడవాటి జాబితా ఉంది. సొంత ఇల్లు ఎక్కడ, భార్యాపిల్లలు ఎక్కడ, పిల్లల స్కూలు ఎక్కడ, డ్రైవింగ్ లైసెన్స్, కార్ల రిజిస్ట్రేషన్, డాక్టరు, బ్యాంకు, కార్డు లావాదేవీలు ఎక్కడ, ఏ రాష్ట్రంలో ఎన్ని రోజులు గడిపారు, ఇలా సాగుతుంది. ఇందులో మొదటి మూడూ మీకు ప్రతికూలంగానే ఉన్నాయి. "ఆయన పని మీద డల్లస్ వెళ్ళారు, ఇల్లు మాత్రం శాన్ రామోనే" అని వాళ్ళు అనగలరు. అలా తేలితే మీ జీతంలో మిగిలిన సగం కూడా కాలిఫోర్నియా లెక్కలోకి పోతుంది.

183 రోజుల లెక్క ఒకటి అందరి నోటా ఉంటుంది. అది న్యూయార్క్, న్యూజెర్సీ లాంటి చోట్ల నియమం. అక్కడ శాశ్వతంగా వాడుకోవడానికి ఇల్లు ఉండి, 183 రోజులు దాటి గడిపితే, మీ అసలు నివాసం వేరే రాష్ట్రమైనా నివాసిగానే చూస్తారు. న్యూయార్క్‌లో అయితే రోజులో కాసేపు గడిపినా ఒక రోజే లెక్క. కాలిఫోర్నియాలో అలాంటి స్పష్టమైన గీత లేదు. అక్కడ తొమ్మిది నెలలు దాటితే నివాసి అనే అనుకుంటారు. అంతకన్నా తక్కువ ఉన్నంత మాత్రాన నివాసి కాదని కాదు.

మీకు ఉపయోగపడే ఒక రక్షణ నియమం ఉంది. ఉద్యోగ ఒప్పందం మీద కాలిఫోర్నియా బయట వరసగా కనీసం 546 రోజులు ఉన్నవాళ్ళని, అసలు ఇల్లు కాలిఫోర్నియాలోనే ఉన్నా, నివాసి కాదని ఒప్పుకుంటారు. దానికి షరతులున్నాయి. ఏ సంవత్సరంలోనూ వడ్డీ, డివిడెండ్లు, షేర్ల లాభాల్లాంటి ఆదాయం 2,00,000 డాలర్లు దాటకూడదు. పన్ను తప్పించుకోవడం ప్రధాన ఉద్దేశం కాకూడదు. తిరిగి కాలిఫోర్నియాకి వెళ్ళొచ్చిన రోజులు ఏడాదిలో మొత్తం 45 దాటకూడదు. ఈ 45 దగ్గరే జాగ్రత్త. కుటుంబం అక్కడుంది కాబట్టి మీరు వారానికో పక్షానికో ఫ్లైట్ ఎక్కుతారు. శుక్రవారం రాత్రి వెళ్ళి ఆదివారం తిరిగొచ్చినా రోజులు కరిగిపోతాయి, థ్యాంక్స్‌గివింగ్, క్రిస్మస్ కలిస్తే ఇంకా వేగంగా. వీలైతే సెలవుల్లో వాళ్ళని ఫ్రిస్కోకి రమ్మనండి. పాపకి కొత్త ఊరు అలవాటవుతుంది, మీ లెక్కా నిలబడుతుంది. కంపెనీ ఇచ్చిన బదిలీ ఉత్తరం జాగ్రత్తగా దాచండి. అందులో తేదీ, కొత్త పని చోటు స్పష్టంగా లేకపోతే ఇప్పుడే హెచ్ఆర్‌ని అడిగి రాయించుకోండి.

నా అభిప్రాయం అడిగితే, మీరు జులై నుంచి టెక్సస్ వాసి అనే వాదనతోనే ఫైల్ చేయండి. అది నిజం కాబట్టి. కానీ ఆ నిజం కాగితాల మీద కనపడాలి. టెక్సస్‌లో కారు 30 రోజుల్లో రిజిస్టర్ చేయించాలి, 90 రోజుల్లో లైసెన్స్ తీసుకోవాలి. ఇవి పన్ను కోసం చేసే పనులు కావు, అక్కడి చట్టం ప్రకారం ఎలాగూ చేయాల్సినవే. చేయకుండా ఏడాదిపాటు కాలిఫోర్నియా లైసెన్స్‌తో తిరిగితే రేపు వాళ్ళు మొదట చూపించేది అదే.

లైసెన్స్ ఆఫీసులో ఓటరుగా నమోదు కావాలా అని ఒక ప్రశ్న అడుగుతారు. మీరు హెచ్-1బి మీద ఉన్నా, గ్రీన్ కార్డు మీద ఉన్నా జవాబు "వద్దు" అనే. అలవాటుగా టిక్ పెట్టేయకండి. పౌరుడు కాని మనిషి ఓటరుగా నమోదైతే ఇమిగ్రేషన్‌లో దాన్ని పౌరసత్వం ఉందని అబద్ధం చెప్పినట్టు చూస్తారు, దాని నుంచి బయటపడటం చాలా కష్టం. ఇది పన్నుల సంగతి కాకపోయినా రాష్ట్రం మారేవాళ్ళకి తప్పకుండా చెప్తాను.

హెచ్-1బి ఎత్తాను కాబట్టి ఇంకొకటి. పని చోటు వేరే మెట్రో ప్రాంతానికి మారితే, మారక ముందే కంపెనీ అమెండ్‌మెంట్ (సవరణ) పిటిషన్ వేయాలి. 2015లో వచ్చిన సిమీయో అనే ఇమిగ్రేషన్ అప్పీలు తీర్పు తర్వాత ఇందులో అనుమానం లేదు. అడ్రస్ మారిన 10 రోజుల్లో ఇమిగ్రేషన్ వాళ్ళకి ఏఆర్-11 అనే అడ్రస్ మార్పు ఫారం కూడా దాఖలు చేయాలి. పన్నుకీ వీటికీ సంబంధం ఉంది. మీ పిటిషన్‌లో పని చోటు, మీ డబ్ల్యూ-2లో (కంపెనీ ఏడాది చివర ఇచ్చే జీతం, పన్నుల పత్రం) రాష్ట్రం, మీ రిటర్నులో తేదీ, మూడూ ఒకే కథ చెప్పాలి.

అందుకే ఒక మాట గట్టిగా చెప్తున్నాను, మీకు కాదు, ఇది చదివే మిగతావాళ్ళకి. న్యూజెర్సీలోనో కాలిఫోర్నియాలోనో ఉంటూ, పని చేస్తూ, టెక్సస్‌లోని ప్లేనోలో ఉన్న స్నేహితుడి అడ్రస్ పేరోల్‌లో పెట్టించుకునేవాళ్ళు ఉన్నారు. నెలకి కొన్ని వందల డాలర్లు మిగులుతాయి. దయచేసి చేయకండి. నివాసం బట్టి పన్ను ఆ పాత రాష్ట్రానికి పుడుతూనే ఉంటుంది, రిటర్ను వేయలేదు కాబట్టి దానికి కాలపరిమితి కూడా మొదలవదు. కాలిఫోర్నియాలో రిటర్ను వేస్తే మామూలుగా నాలుగేళ్ళ దాకా మాత్రమే వాళ్ళు కొత్తగా పన్ను వేయగలరు. వేయకపోతే ఎన్నేళ్ళ తర్వాతైనా వేయొచ్చు. పైగా హెచ్-1బి పిటిషన్‌లో చెప్పిన చోట కాకుండా ఇంకోచోట పనిచేస్తున్నట్టు మీరే రుజువు సృష్టించినవాళ్ళవుతారు. పౌరసత్వానికి వేసే ఎన్-400లో ఫెడరల్, స్టేట్, లోకల్ పన్నులు బాకీ ఉన్నాయా అని సూటిగా అడుగుతారు. అంత దూరం ప్రయాణం చేసి వచ్చిన మనిషి కొద్దిపాటి పన్ను కోసం ఆ ప్రశ్న ముందు ఇబ్బంది పడటం నాకు బాధగా ఉంటుంది.

మీ విషయానికి వస్తే, ఈ నెలే పేరోల్ చూసుకోండి. చాలా కంపెనీల పోర్టల్‌లో ఇంటి అడ్రస్ ఒక చోట, పని చోటు ఇంకో చోట ఉంటాయి. మనవాళ్ళు మొదటిది మార్చి రెండోది వదిలేస్తారు. జులై తర్వాతి పే స్టబ్‌లో కాలిఫోర్నియా పన్ను, కాలిఫోర్నియా ఎస్‌డీఐ (స్టేట్ డిసేబిలిటీ ఇన్సూరెన్స్) ఇంకా కోస్తున్నారా చూడండి. 2024 నుంచి ఎస్‌డీఐకి జీతం పరిమితి ఎత్తేశారు, మొత్తం జీతం మీదా పడుతుంది, 2025లో రేటు 1.2 శాతం. అనవసరంగా కోస్తుంటే అది చిన్న మొత్తం కాదు. మారిన తేదీకి ముందు వచ్చిన చివరి పే స్టబ్‌ని పీడీఎఫ్‌గా దాచుకోండి. జనవరిలో డబ్ల్యూ-2 వచ్చాక 15, 16, 17 గడులు దానితో సరిపోల్చండి. 15లో రాష్ట్రం, 16లో ఆ రాష్ట్రానికి చెందిన జీతం, 17లో పట్టుకున్న పన్ను ఉంటాయి. 16లో ఏడాది మొత్తం జీతం కాలిఫోర్నియా కింద పడితే, కంపెనీని అడిగి సవరించిన డబ్ల్యూ-2సి తెప్పించుకోండి. డబ్ల్యూ-2కి భిన్నంగా మీ అంకెలు వేసి ఫైల్ చేయవచ్చు కానీ, అలా వేస్తే వాళ్ళ కంప్యూటర్ ముందు మిమ్మల్నే పట్టుకుంటుంది.

శాన్ రామోన్‌కి వెళ్ళినప్పుడు సోమవారం అక్కడి నుంచే లాగిన్ అయి పనిచేస్తే, ఆ రోజు జీతం కాలిఫోర్నియాలో పుట్టిన ఆదాయం. అలాంటి రోజులు రాసి పెట్టుకోండి. ఫోన్ క్యాలెండర్ చాలు. తిరగేసి చెప్పాలంటే, ఫ్రిస్కోలో కూర్చుని కాలిఫోర్నియా బృందంతో పనిచేసినా ఆ జీతం కాలిఫోర్నియాలో పుట్టినట్టు కాదు. ఉద్యోగి శరీరంతో ఎక్కడ ఉన్నాడన్నదే కాలిఫోర్నియా చూస్తుంది.

ఆర్ఎస్‌యూలు ఇంకో కథ. నవంబర్‌లో వెస్ట్ అయ్యే సమయానికి మీరు టెక్సస్‌లో ఉన్నారు కాబట్టి పన్ను లేదని అనుకోవద్దు. గ్రాంట్ ఇచ్చిన రోజు నుంచి వెస్ట్ అయిన రోజు దాకా మీరు పనిచేసిన రోజులు ఎన్ని, అందులో కాలిఫోర్నియాలో ఎన్ని అని చూస్తారు. ఆ మధ్యకాలంలో మొత్తం 700 పని దినాలు ఉండి, అందులో 600 కాలిఫోర్నియాలో అయితే, లక్ష డాలర్ల షేర్లలో సుమారు 85,700 డాలర్లు కాలిఫోర్నియా ఆదాయం. మిగిలిన 14,300 టెక్సస్ భాగం, అందులోనూ సగం మీ శ్రీమతి ద్వారా కాలిఫోర్నియాకే వెళ్తుంది, ఆవిడ అక్కడున్నంత కాలం. ప్రతి గ్రాంట్‌కి ఈ లెక్క విడిగా చేయాలి. 2023లో ఇచ్చిన గ్రాంట్ 2027లో వెస్ట్ అయినా ఇదే పద్ధతి, నిష్పత్తి మాత్రం తగ్గుతూ వస్తుంది. అందుకే మీరు కాలిఫోర్నియా వదిలిన తర్వాత కూడా కొన్నేళ్ళపాటు అక్కడ 540ఎన్ఆర్ ఫారం (నాన్ రెసిడెంట్లు, ఏడాదిలో కొంతకాలమే నివాసి అయినవాళ్ళు వేసే రిటర్ను) వేస్తూనే ఉంటారు.

కంపెనీ ఇంకా కాలిఫోర్నియా భాగానికి పన్ను పట్టుకుంటుందా లేదా ముందే కనుక్కోండి. పెద్ద కంపెనీలు ఈ రోజుల లెక్క చేసి పట్టుకుంటాయి, కాలిఫోర్నియాలో షేర్లకి రేటు 10.23 శాతం. కొన్ని కంపెనీలు టెక్సస్ ఉద్యోగి అని మొత్తానికీ ఆపేస్తాయి. ఆపేస్తే జనవరి 15 వాయిదాలో మీరే కట్టండి. వెస్ట్ అయ్యాక ఆ షేర్లు అట్టే పెట్టుకుని తర్వాత అమ్మితే, వెస్ట్ నాటి ధర మీద వచ్చిన అదనపు లాభం అమ్మిన రోజు మీరు ఏ రాష్ట్రవాసో ఆ రాష్ట్రానిది. మీ శ్రీమతి కూడా ఫ్రిస్కో వచ్చాక అమ్మితే ఆ లాభం మీద స్టేట్ టాక్స్ ఏమీ ఉండదు. తొందర లేకపోతే ఆగడం లాభమే, షేరు ధర పడే రిస్కు మీది అని మర్చిపోకుండా.

540ఎన్ఆర్ గురించి ఒక ముక్క. కాలిఫోర్నియా మీ ఇద్దరి మొత్తం ఆదాయం మీద, ఏడాదంతా అక్కడే ఉన్నట్టు పన్ను లెక్కగట్టి, సగటు రేటు తీసి, ఆ రేటుని కాలిఫోర్నియా భాగానికి వేస్తుంది. టెక్సస్ ఆదాయం మీద నేరుగా పన్ను వేయదు కానీ దాని వల్ల రేటు పెరుగుతుంది. న్యూయార్క్ లెక్క కూడా ఇలాగే ఉంటుంది. "టెక్సస్ జీతాన్ని ఎందుకు చూపించాలి?" అని చాలామంది అడుగుతారు, అందుకే. మీరిద్దరూ ఫెడరల్‌లో జాయింట్ కాబట్టి ఇక్కడా జాయింట్‌గా 540ఎన్ఆర్ ఒకటే వేస్తారు. విడిగా వేసే మినహాయింపు ఒకటి ఉంది కానీ, అది ఏడాదంతా బయట ఉండి, కాలిఫోర్నియా ఆదాయం ఒక్క డాలర్ కూడా లేని జీవిత భాగస్వామికి. మీకు ఆర్ఎస్‌యూలు ఉన్నాయి కాబట్టి వర్తించదు.

రీలొకేషన్ బోనస్ జీతంలో భాగంగానే వస్తుంది. మారిన ఖర్చులకి ఇచ్చే ఫెడరల్ మినహాయింపు 2018లో ఆగిపోయింది, 2025 చట్టం ఆ ఆపడాన్ని శాశ్వతం చేసింది. సైన్యంలో ఉన్నవాళ్ళ లాంటి కొద్దిమందికి మాత్రం ఇంకా ఉంది. 401(కె) గురించి దిగులు వద్దు. 1996 నాటి ఫెడరల్ చట్టం ప్రకారం, రిటైర్మెంట్ డబ్బు తీసుకునే సమయానికి మీరు ఎక్కడ ఉంటే ఆ రాష్ట్రానికే దాని మీద హక్కు. కాలిఫోర్నియా జీతంలోంచి దాచినా అడగలేరు.

ఇప్పుడు హైదరాబాద్ ఫ్లాట్. మనవాళ్ళు ఇందులో నష్టపోయేది చాలా ఎక్కువ. ఇండియాలో స్థిరాస్తి మీద దీర్ఘకాల లాభానికి 2024 జులై 23 నుంచి 12.5 శాతం పన్ను. కొనేవాళ్ళు టీడీఎస్ కోస్తారు. ఆ కట్టిన పన్నుకి ఫెడరల్ రిటర్నులో ఫారం 1116 మీద క్రెడిట్ వస్తుంది, అంటే కట్టాల్సిన పన్నులోంచి దాన్ని తగ్గిస్తారు, కాబట్టి రెండుసార్లు కట్టే బాధ తగ్గుతుంది. కాలిఫోర్నియాలో అలా లేదు. విదేశీ పన్నుకి కాలిఫోర్నియా క్రెడిట్ ఇవ్వదు, న్యూజెర్సీ కూడా ఇవ్వదు. పైగా కాలిఫోర్నియాలో దీర్ఘకాల లాభానికి తక్కువ రేటంటూ లేదు, జీతంతో సమానమే. మీ ఆదాయ స్థాయిలో 9.3 శాతం స్లాబు మామూలు. లక్ష డాలర్ల లాభం అంటే 9,000 పైచిలుకు డాలర్లు, ఇండియాలో పన్ను కట్టేసిన సొమ్ము మీద మళ్ళీ.

కాబట్టి ఆ ఫ్లాట్ ఎలా వచ్చిందన్నది చూడాలి. మీ నాన్నగారి నుంచి వారసత్వంగా వచ్చినా, పెళ్ళికి ముందు మీరే కొనుక్కున్నా అది మీ సొంత ఆస్తి. అప్పుడు మీరు టెక్సస్ వాసిగా నిలదొక్కుకున్నాక అమ్మితే ఆ లాభం మీద కాలిఫోర్నియాకి హక్కు ఉండదు. పెళ్ళయ్యాక అమెరికా జీతంతో ఈఎంఐలు కట్టి కొన్నది అయితే సగం మీ శ్రీమతిది, ఆవిడ కాలిఫోర్నియాలో ఉండగా అమ్మితే ఆ సగం మీద పన్ను పడుతుంది. మొదటి రకమైనా కూడా, మీ నివాసం మీదే అనుమానాలు ఉన్న ఈ మొదటి ఏడాదిలో అమ్మడం నాకు ఇష్టం లేదు. పెద్ద లాభం కనపడితే ఎఫ్‌టీబీ చూపు మీ మారిన తేదీ మీద పడుతుంది. కొనేవాళ్ళు ఆగగలిగితే వచ్చే జూన్ తర్వాత రిజిస్ట్రేషన్ పెట్టుకోండి. అడ్వాన్స్ తీసుకుని అగ్రిమెంట్ రాసుకున్న రోజు కాదు, మామూలుగా రిజిస్ట్రేషన్ చేసి స్వాధీనం ఇచ్చిన రోజే అమ్మకం రోజుగా చూస్తారు. ఆగలేకపోతే అమ్మేయండి. మంచి బేరం పన్ను కోసం వదులుకోవడం తెలివి కాదు, కాకపోతే ఆ 9.3 శాతాన్ని ముందే పక్కన పెట్టుకోండి.

న్యూయార్క్, న్యూజెర్సీ వైపు నుంచి మారేవాళ్ళు కూడా ఇది చదువుతారు కాబట్టి క్లుప్తంగా. మాన్‌హట్టన్ ఆఫీసుకి చెందిన ఉద్యోగం పట్టుకుని, మీ ఇష్టంతో డల్లస్ నుంచో నార్త్ కరోలినాలోని షార్లెట్ నుంచో ఇంట్లో పనిచేస్తే, న్యూయార్క్ ఆ జీతాన్ని తనదిగానే చూస్తుంది. దూరంగా పనిచేయడం కంపెనీ అవసరం కోసమని చూపించగలిగితేనే మినహాయింపు. పెన్సిల్వేనియా, డెలావేర్, నెబ్రాస్కాల్లో కూడా ఈ నియమం ఉంది. షార్లెట్ అయితే కొత్త రాష్ట్రంలో క్రెడిట్ వస్తుందేమో చూడొచ్చు. టెక్సస్‌లో పన్నే లేదు కాబట్టి క్రెడిట్ ఇచ్చేవాళ్ళూ లేరు, న్యూయార్క్‌కి కట్టింది మొత్తం ఖర్చే. ఇంకో సంగతి, న్యూయార్క్ నియమం ప్రకారం డబ్ల్యూ-2లో 16వ గడిలో ఏడాది మొత్తం ఫెడరల్ జీతాన్నే వేస్తారు. న్యూయార్క్, ఇంకో రాష్ట్రం కలిపితే అసలు జీతం కన్నా ఎక్కువ కనపడి గుండె ఆగినంత పని అవుతుంది. అది తప్పు కాదు, రిటర్నులో మీరు పంచుకోవాలి. రెండు రాష్ట్రాల రిటర్నులు వేసేటప్పుడు నాన్ రెసిడెంట్ రిటర్ను ముందు పూర్తి చేయండి, అందులో తేలిన పన్నుని నివాస రాష్ట్రంలో క్రెడిట్‌గా తీసుకోవచ్చు. తిరగేస్తే సాఫ్ట్‌వేర్ తప్పు అంకె తీసుకుంటుంది.

చివరిగా మీ శాన్ రామోన్ ఇల్లు. మీ శ్రీమతి ఉన్నంత కాలం అది అలాగే ఉండనివ్వండి. ఆవిడ వచ్చేశాక ఇంటి యజమానిగా మీకున్న హోమ్‌ఓనర్స్ ఎగ్జెంప్షన్ (ఇంటి పన్ను లెక్కలో ఇంటి విలువ నుంచి 7,000 డాలర్లు తగ్గించేది) కౌంటీకి రాసి తీసేయించండి. దాని వల్ల మీకు మిగిలేది చాలా తక్కువ, కానీ అది నడుస్తుంటే "ఇదే నా ప్రధాన నివాసం" అని మీరే ప్రతి ఏడాదీ చెప్తున్నట్టు. ఫ్రిస్కోలో ఇల్లు కొని అక్కడ ఇలాంటిదే అయిన హోమ్‌స్టెడ్ ఎగ్జెంప్షన్ కూడా తీసుకుంటే రెండూ ఒకదాన్నొకటి కాదంటాయి.

ఇంటిని అద్దెకిస్తే ఆ అద్దె ఎప్పటికీ కాలిఫోర్నియా ఆదాయమే. ఏడాదికి అద్దె 1,500 డాలర్లు దాటితే, ఇల్లు చూసుకునే ప్రాపర్టీ మేనేజర్ అందులోంచి 7 శాతం పట్టుకుని ఎఫ్‌టీబీకి కట్టాలి, మీరు రిటర్ను వేసి సర్దుబాటు చేసుకుంటారు. అమ్మే ఆలోచన ఉంటే తేదీలు గుర్తుంచుకోండి. గత ఐదేళ్ళలో రెండేళ్ళు సొంతంగా ఉన్న ఇంటి మీద దంపతులకి 5,00,000 డాలర్ల దాకా లాభానికి పన్ను లేదు, కాలిఫోర్నియా కూడా దీన్ని ఒప్పుకుంటుంది. పూర్తి మినహాయింపుకి ఇద్దరూ ఆ రెండేళ్ళు ఉండి తీరాలి. మీరు జులైలో బయటికి వచ్చారు కాబట్టి గడువు మీ శ్రీమతి వచ్చిన జూన్ నుంచి కాదు, మీ జులై నుంచి మొదలైంది. అక్కడి నుంచి మూడేళ్ళ లోపు అమ్మితేనే మీ ఇద్దరి వాటా నిలుస్తుంది. అద్దెకిచ్చిన కాలానికి తీసుకున్న డిప్రిసియేషన్ (ఇల్లు పాతబడినందుకు ఏటా ఖర్చుగా చూపించే మొత్తం) మీద మాత్రం పన్ను తప్పదు. అమ్మే రోజు ఎస్క్రో వాళ్ళు (అమ్మకం డబ్బు, కాగితాలు మధ్యలో ఉండి చూసే సంస్థ) ఫారం 593 ఇస్తారు. మినహాయింపు గడి నింపకపోతే అమ్మకం ధరలో 3.33 శాతం పట్టుకుంటారు, లాభంలో కాదు, ధరలో. పది లక్షల ఇంటికి అది 33,000 పైగా డాలర్లు, రిటర్ను వేసి వెనక్కి తెచ్చుకునేదాకా మీ చేతిలో ఉండవు. మీది ప్రధాన నివాసంగా అర్హత ఉన్న ఇల్లయితే ఆ గడి మీద సంతకం పెట్టే ముందు ఎస్క్రో ఆఫీసర్‌ని అడిగి సరిచూసుకోండి.